భారతరత్న గొడవ వెనుక 1973 జనవరి

1971 యుద్ధంలో మన సైన్యాధిపతిగా ఉన్న ఫీల్డ్ మార్షల్ శామ్ మానెక్‌షాకు భారతరత్న ఇవ్వాలన్న డిమాండ్ కొత్తదేమీ కాదు. పద్మ పురస్కారాల జాబితా వచ్చే జనవరిలో ఒకసారి, ఆయన వర్ధంతి జూన్ 27న ఒకసారి, విజయ్ దివస్ డిసెంబర్ 16న మరోసారి లేస్తుంది. 2023 చివర్లో ఆయన జీవితం సినిమాగా వచ్చాక, 1971 తర్వాత పుట్టినవాళ్లు కూడా ఈ వాదనలో దిగారు. ఇప్పుడు మళ్లీ అదే చర్చ. 1971 యుద్ధం కథ అందరికీ తెలుసు. పదమూడు రోజులు, ఢాకాలో లొంగుబాటు, 93 వేల మంది యుద్ధఖైదీలు. దాన్ని ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు. అసలు ముడి యుద్ధంలో లేదు, అది ముగిసిన ఏడాది తర్వాత ఆయన చేతికి ఇచ్చిన ఒక బేటన్‌లో, అంటే హోదాకు గుర్తుగా ఇచ్చే దండంలో ఉంది.

మానెక్‌షా యూనిఫాం మీద ఉన్న రిబ్బన్లలో శౌర్యానికి వచ్చింది ఒక్కటే, మిలిటరీ క్రాస్. అదీ బ్రిటిష్ వాళ్లిచ్చింది. 1942 ఫిబ్రవరిలో బర్మాలోని సిట్టాంగ్ దగ్గర జపాన్ మెషిన్‌గన్ గుళ్లు పొట్టలో దిగబడి పడిపోయిన కెప్టెన్ బతకడనుకుని, సీనియర్ అధికారి కోవాన్ తన సొంత రిబ్బన్ తీసి అతనికి పెట్టారని సైన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చనిపోయినవాళ్లకు మిలిటరీ క్రాస్ ఇవ్వరు, అందుకే ఆ తొందర. ఇక స్వతంత్ర భారతం ఆయనకిచ్చిన పెద్ద గౌరవాలు రెండూ పౌర పురస్కారాలే. నాగాలాండ్, మిజో కొండల్లో తిరుగుబాట్లను ఎదుర్కొన్న తూర్పు కమాండ్ అధిపతిగా 1968లో పద్మభూషణ్, యుద్ధం గెలిచాక 1972లో పద్మవిభూషణ్. సైనికుడికి సైనిక పతకం కాకుండా పౌర పురస్కారం ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది.

దీనికి మామూలుగా ఎవరూ పట్టించుకోని కారణం ఒకటుంది. పరమవీర చక్ర, మహావీర చక్ర లాంటివి శత్రువుకు ఎదురుగా నిలబడి చూపిన తెగువకు ఇస్తారు. ఢిల్లీలో సౌత్ బ్లాక్‌లో కూర్చుని యుద్ధం నడిపిన సైన్యాధిపతి వాటి పరిధిలోకి రారు. 1960లో వచ్చిన విశిష్ట సేవా పతకాలు సర్వీసు మొత్తానికి ఇచ్చేవి. తూర్పు రంగంలో పనిచేసిన జగ్‌జీత్ సింగ్ అరోరా, జాకబ్ లాంటి వాళ్లకు పరమ విశిష్ట సేవా మెడల్ వచ్చింది కూడా. యుద్ధకాలంలో నాయకత్వానికి ప్రత్యేకంగా ఇచ్చే సర్వోత్తమ్ యుద్ధ సేవా మెడల్ మాత్రం 1980లో పుట్టింది. అంటే 1971 యుద్ధాన్ని నడిపిన ముగ్గురు అధిపతులకూ సరిపడే పతకం ఆనాటి ప్రభుత్వం దగ్గర లేదు. మానెక్‌షాకు, నౌకాదళాధిపతి నందాకు, వైమానిక దళాధిపతి పి.సి.లాల్‌కు ముగ్గురికీ ఒకేసారి పద్మవిభూషణ్ ఇచ్చి సరిపెట్టారు. ఆ యుద్ధానికి రాజకీయ నాయకత్వం వహించిన ఇందిరాగాంధీ పేరు అప్పటికే 1971 భారతరత్న జాబితాలో చేరింది. ఇప్పుడు భారతరత్న అడిగేవాళ్లు మొదట చూపించేది ఈ తేడానే. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు.

ప్రభుత్వానికి కూడా ఆ తేడా కనిపించినట్టుంది. మానెక్‌షాను మూడు దళాలకూ పైన, ఇప్పుడు చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ (సీడీఎస్) అంటున్న పదవిలో కూర్చోబెట్టాలని ఇందిర అనుకున్నారు. మిగతా దళాల్లో, అధికారుల్లో వ్యతిరేకత రావడంతో అది ఆగింది. (ఆ పదవి నిజంగా రావడానికి 2020 జనవరి దాకా పట్టింది.) చివరికి ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చారు. 1973 జనవరి 1 నుంచి అమలు. జనవరి 3న రాష్ట్రపతి భవన్‌లో బేటన్ అందించారు. స్వతంత్ర భారతంలో ఐదు నక్షత్రాల హోదా అందుకున్న మొదటి సైన్యాధికారి ఆయనే. హోదా అమల్లోకి వచ్చిన సరిగ్గా రెండు వారాలకు, జనవరి 15న, జనరల్ బేవూర్‌కు బాధ్యతలు అప్పగించి వెళ్లిపోయారు.

నా లెక్కలో మొత్తం వ్యవహారానికి మలుపు ఈ రెండు వారాలే. ఫీల్డ్ మార్షల్ ఎప్పటికీ రిటైర్ కాడు, జీవితాంతం సర్వీసులో ఉన్నట్టే లెక్క. అది ఆ హోదా సంప్రదాయం. కానీ మన దగ్గర హోదా ఇచ్చారే గానీ, దాంతోపాటు ఏమేం రావాలో తేల్చలేదు. జీతం ఎంత, ఏ ఆఫీసు, ఏ సిబ్బంది, ప్రోటోకాల్‌లో ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏదీ స్పష్టం కాలేదు. సర్వీసులో ఉన్న జనరల్‌కు వచ్చే పూర్తి జీతం ఆయనకు రాలేదు. నీలగిరుల్లో కూనూరు దగ్గర ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. ఢిల్లీ ఆయన్ని పట్టించుకోవడం మానేసింది.

ఎందుకలా అంటే రెండు కథలున్నాయి. మొదటిది నోటిదురుసు కథ. రిటైరయ్యాక ఒక విలేకరి, 1947లో మీరు పాకిస్తాన్ సైన్యంలో చేరి ఉంటే ఏమయ్యేదని అడిగారు. అప్పుడు పాకిస్తాన్ గెలిచి ఉండేదేమో అన్నట్టు ఆయన సరదాగా జవాబిచ్చారు. అది పత్రికల్లోకి ఎక్కి దుమారం రేగింది. అప్పటి నుంచే ప్రభుత్వం ముఖం చాటేసిందని ఆయన అభిమానులు అంటారు. రెండోది అంతకంటే పాతది. 1962లో నీలగిరుల్లోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ కమాండెంట్‌గా ఉన్నప్పుడు ఆయన మీద దేశభక్తి లేదనే స్థాయి ఆరోపణలతో విచారణ జరిపించారు. లెఫ్టినెంట్ జనరల్ దౌలత్ సింగ్ నేతృత్వంలోని కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ ఆయన్ని నిర్దోషిగా తేల్చింది. ఆ ఏడాది చివర్లో చైనా దెబ్బ తగిలాక, బి.ఎం.కౌల్ స్థానంలో నాలుగో కోర్‌ను నిలబెట్టడానికి పిలవాల్సి వచ్చింది కూడా ఆయన్నే. పైవాళ్లకు ఆయన మీద ఉన్న అనుమానం అప్పటి నుంచే అలా ఉండిపోయిందని కొందరి నమ్మకం. నాకు మాత్రం ఈ రెండింటికంటే ఫైలు కథే సరైనదనిపిస్తుంది. కక్ష ఉన్నా లేకపోయినా, రూల్సు రాయని హోదా కింద జీతం ఎవరు మంజూరు చేస్తారు? మన ఆఫీసుల సంగతి తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

ఆ ఫైలు కదలడానికి ముప్పై నాలుగేళ్లు పట్టింది. రాష్ట్రపతిగా ఉన్న అబ్దుల్ కలాం 2007లో వెల్లింగ్టన్ సైనికాసుపత్రిలో ఆయన్ని పలకరించడానికి వెళ్లారు. ఆ తర్వాతే బకాయిల లెక్క తేలింది. కోటి రూపాయలకు పైగా మొత్తానికి చెక్కు పంపారు. అప్పటికి ఆయన వయసు తొంభై దాటింది. మరుసటి ఏడాది, 2008 జూన్ 27న, అదే ఆసుపత్రిలో కన్నుమూశారు.

అంత్యక్రియల రోజు మళ్లీ అదే సమస్య. ప్రధాని రాలేదు, రక్షణమంత్రి ఆంటోనీ రాలేదు. కేంద్రం తరఫున వచ్చింది రక్షణశాఖ సహాయమంత్రి, మన కాకినాడ ఎంపీ పళ్లంరాజు. నౌకాదళ, వైమానిక దళ అధిపతులు కూడా తమ తరఫున కిందిస్థాయి అధికారులను పంపారు. జాతీయ సంతాపదినం ప్రకటించలేదు. విమర్శలు వస్తే ప్రోటోకాల్ ఉల్లంఘన ఏమీ జరగలేదన్నారు. అది నిజమే, బాధ కూడా అదే. అధికార ప్రాధాన్య క్రమంలో దళాధిపతులది పన్నెండో స్థానం. భారతరత్న గ్రహీతలది 7ఎ. ఫీల్డ్ మార్షల్ మాట ఆ పట్టికలో లేదు. దేశంలో అత్యున్నత సైనిక హోదా ఇచ్చిన ప్రభుత్వం, దానికి ఒక వరుస సంఖ్య ఇవ్వడం మర్చిపోయింది. భారతరత్న డిమాండ్ గట్టిపడింది ఈ అంత్యక్రియల తర్వాతే.

అవతలి వాదన కూడా ఉంది. పద్మవిభూషణ్, ఫీల్డ్ మార్షల్ రెండూ ఇచ్చాక ఇంకేం కావాలి అంటారు. యుద్ధ విజయం ఒక్కడిది కాదు, సైనికులకు రాజకీయ ప్రాధాన్యం ఇవ్వడం మంచిది కాదు అని కూడా అంటారు. ఢాకాను లక్ష్యంగా పెట్టుకున్నది తానే గానీ సైనిక కేంద్ర కార్యాలయం కాదని జనరల్ జాకబ్ తర్వాత్తర్వాత రాశారు కూడా.

2011 డిసెంబర్‌లో భారతరత్న నిబంధన మారింది. కళలు, సాహిత్యం, విజ్ఞానం, ప్రజాసేవ అన్న పాత హద్దు తీసేసి, ఏ రంగంలోనైనా ఇవ్వొచ్చన్నారు. క్రీడాకారుల కోసం తెరిచిన ఆ తలుపులోంచి సచిన్ 2014లో లోపలికి వెళ్లారు. సైనికులకు కూడా దారి తెరిచినట్టేనని మాజీ సైనికులు వాదిస్తారు. 2017 నవంబర్‌లో అప్పటి సైన్యాధిపతి బిపిన్ రావత్ కొడగులో విగ్రహాల ఆవిష్కరణకు వెళ్లి, భారతరత్నకు కొడగుకు చెందిన తొలి భారతీయ సైన్యాధిపతి కరియప్ప పేరు సిఫారసు చేసే సమయం వచ్చిందన్నారు. కరియప్పకు ఫీల్డ్ మార్షల్ హోదా వచ్చింది 1986లో, రిటైరైన మూడు దశాబ్దాల తర్వాత. అంటే సైన్యంలోనే ఒక పేరుకు బదులు రెండు పేర్లయ్యాయి. మానెక్‌షాకు ఇస్తే కొడగు వాళ్లు ఊరుకోరు, కరియప్పకు ఇస్తే 1971 గుర్తున్నవాళ్లు ఊరుకోరు. మహానాడులో ఎన్టీఆర్‌కు భారతరత్న అంటూ తీర్మానాలు వినీ వినీ అలవాటైన మనకు ఈ రకం వరుస కొత్త కాదు.

మరణానంతరం ఇవ్వకూడదన్న అడ్డు 1955లోనే పోయింది. ఏడాదికి మూడుకు మించకూడదన్న మాట 2024లో పక్కకు వెళ్లింది. పీవీ నరసింహారావుతో కలిపి ఆ ఏడాది ఐదుగురికి ఇచ్చారు. పద్మ పురస్కారాలకు ఉన్నట్టు దీనికి కమిటీ కూడా లేదు. ప్రధాని సిఫారసు చేస్తే రాష్ట్రపతి ఇస్తారు. కాబట్టి ఈసారి రూల్సు అడ్డం వచ్చాయని చెప్పడానికి ఎవరికీ వీల్లేదు.