తెలుగు వెబ్‌సైట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: తెర మీద తెలుగు కనిపిస్తోందంటే గూగుల్ కూడా చదువుతున్నట్టే.

వాస్తవం: డీటీపీలో అను ఫాంట్లతో కొట్టిన మ్యాటర్ మన కంటికే తెలుగు. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్లు. ఆ ఫాంటు లేని ఫోన్లో పిచ్చి గీతలు కనిపిస్తాయి, సెర్చ్ ఇంజిన్‌కూ అందేది అవే. పేజీలోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగుగా రాకపోతే అది యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే ప్రామాణిక పద్ధతి) కాదు. కన్వర్టర్‌తో మార్చాక వత్తులు కచ్చితంగా సరిచూసుకోవాలి, తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. కరపత్రాన్ని ఫొటోగా పెట్టి వదిలేయడమూ ఇలాంటిదే: అందులోని నంబరును నొక్కి ఫోన్ చేయలేం, చూపులేనివారి స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. వివరాలు టైపు చేసి, ఫొటోకు ఆల్ట్ టెక్స్ట్ (స్క్రీన్ రీడర్ చదివే వివరణ) రాయండి.

అపోహ: మన సైట్లో సెర్చ్ బాక్స్ పెట్టాం, ఇక ఏది వెతికినా దొరుకుతుంది.

వాస్తవం: తెలుగులో ఇది చాలాచోట్ల దెబ్బతింటుంది, పట్టించుకునేవారు తక్కువ. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట్’ తర్వాత కంటికి కనబడని కోడ్ ఒకటుంది, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే వకారం వత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. వ్యాసంలో ఆ కోడ్ ఉండి, వెతికేవారు అది లేకుండా కొడితే మామూలు డేటాబేస్ రెండింటినీ వేర్వేరు మాటలుగా చూస్తుంది, ఫలితం సున్నా. కాబట్టి ఇండెక్స్‌లోనూ (వెతకడం కోసం సైటు తయారుచేసుకునే మాటల పట్టిక), వెతికే మాటలోనూ దాన్ని తీసేసి పోల్చాలి. చదివే పాఠంలో మాత్రం ఉంచాలి. ఐత్వానిదీ ఇదే చిక్కు: ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వానికి కింది గుర్తు చేర్చి రెండు కోడ్లుగానూ రాయొచ్చు. రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికున్న వేర్వేరు కోడ్లను ఒకే రూపంలోకి తెచ్చే యూనికోడ్ పద్ధతి) చేస్తే ఒకటవుతాయి.

అపోహ: మెటా కీవర్డ్స్‌లో (పేజీ కోడ్‌లో రాసే, చదివేవారికి కనబడని మాటల జాబితా) మాటలు నింపితే ర్యాంకు పెరుగుతుంది.

వాస్తవం: ఆ ట్యాగును ర్యాంకింగ్‌కు వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. ఆ సమయాన్ని పేజీ టైటిల్ మీద పెట్టండి.

అపోహ: రోబోట్స్ ఫైల్‌లో (ఏ పేజీలు చదవొద్దో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే ఫైల్) ఆపేస్తే ఆ పేజీ గూగుల్లో కనిపించదు.

వాస్తవం: అది పేజీని చదవకుండా ఆపుతుంది, అంతే. వేరే సైట్ల నుంచి లింకులుంటే ఆ చిరునామా ఫలితాల్లో కనిపించవచ్చు. తీసేయాలంటే పేజీలో నోఇండెక్స్ (ఫలితాల్లో చూపొద్దని చెప్పే ట్యాగు) పెట్టి, రోబోట్స్‌లో అడ్డు తొలగించాలి. అడ్డు ఉన్నంతకాలం గూగుల్ ఆ నోఇండెక్స్‌ను చూడలేదు. రెండూ కలిపి పెట్టేవారు చేస్తున్న పొరపాటు ఇదే.

అపోహ: మంచి ఇంగ్లిష్ థీమ్ (సైటుకు రెడీమేడ్ డిజైన్) కొంటే తెలుగుకూ సరిపోతుంది.

వాస్తవం: శీర్షికలకు లైన్ హైట్ (అక్షరాల సైజుకు వరుస ఎత్తు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.2 ఉన్న థీముల్లో పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి, కార్డుల అంచున వత్తు సగానికి తెగిపోతుంది. 1.6 నుంచి 1.8 పెట్టి, ‘శాస్త్రీయ దృక్పథం’ లాంటి మాటలతో ఫోన్లో చూడండి. జూమ్‌ను ఆపే సెట్టింగ్ ఉంటే తీసేయండి, పెద్దవాళ్లు వేళ్లతో పెద్దది చేసుకునే చదువుతారు.

అపోహ: అన్ని బొమ్మలకూ లేజీ లోడింగ్ (తెర దగ్గరికి వచ్చాకే బొమ్మను తెచ్చే పద్ధతి) పెడితే సైటు వేగం పెరుగుతుంది.

వాస్తవం: పేజీ తెరవగానే కనిపించే పెద్ద బొమ్మకు పెడితే అది ఇంకా ఆలస్యమవుతుంది. అదే చాలా పేజీల్లో ఎల్‌సీపీని (తెర మీది అతిపెద్ద భాగం కనిపించడానికి పట్టే సమయం) నిర్ణయిస్తుంది, అది 2.5 సెకన్లలోపు ఉండాలి. లేజీ లోడింగ్ కింది బొమ్మలకే. వెడల్పు, ఎత్తు మాత్రం అన్నింటికీ రాయండి, లేకపోతే బొమ్మ వచ్చినప్పుడల్లా చదువుతున్న వరుస కిందికి జారిపోతుంది.