నల్లరాయి, తెల్లరాయి: టంగ్‌స్టేట్ల గురించి ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

టంగ్‌స్టన్ అనగానే మీకు పాత బల్బులోని సన్నని తీగ గుర్తుకొస్తుంది. తీగ కాకముందు ఆ లోహం భూమిలో ఏ రూపంలో ఉంటుందో మాత్రం పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. నాకు ఎంతో ఇష్టమైన రసాయనశాస్త్రం ఆ వాక్యం వెనకే ఉండిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

వుల్ఫ్రమైట్ రాయిని మొదటిసారి అందుకున్నప్పుడు నా చెయ్యి ఒక్కసారిగా కిందికి వాలింది. చూస్తే గుప్పెడంత రాయి, పట్టుకుంటే ఇనుపగుండు! క్వార్ట్జ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములు, దీనిది 7 గ్రాములకు పైనే. టంగ్‌స్టన్, ఆక్సిజన్ కలిసిన అయాన్ ఇంకో లోహంతో జతకడితే వచ్చే లవణమే టంగ్‌స్టేటు. ఈ రాయి ఇనుము టంగ్‌స్టేటు, మాంగనీసు టంగ్‌స్టేటు కలిసిన ఖనిజం. ఇనుము పాలు ఎక్కువైతే ఫెర్బెరైట్ అంటారు, మాంగనీసు పాలు ఎక్కువైతే హ్యూబ్నరైట్. రెండు అయాన్లకూ ఆవేశం ఒకటే, +2. పరిమాణం కూడా దగ్గరదగ్గరే: ఇనుము అయాన్ వ్యాసార్ధం 78 పికోమీటర్లు (పికోమీటరు అంటే మీటరులో లక్షకోటో వంతు), మాంగనీసుది 83. అందుకే స్ఫటికంలో ఒకదాని చోట ఇంకొకటి ఏ పాళ్లలోనైనా సర్దుకుపోతుంది.

తగరం కరిగించే పాతకాలపు జర్మన్ పనివాళ్లకు ఈ రాయంటే మంట. ఖనిజంలో ఇది కలిస్తే చేతికొచ్చే తగరం తగ్గిపోయేది. తోడేలు గొర్రెను మింగినట్టు తగరాన్ని మింగేస్తోందని దీనికి తోడేలు పేరు పెట్టారు. ఆ వుల్ఫ్రమ్ అన్న మాట నుంచే మూలకానికి డబ్ల్యూ అనే సంకేతం వచ్చింది. 1781లో షీలే అనే రసాయనవేత్త వేరే బరువైన ఖనిజం నుంచి ఒక కొత్త ఆమ్లాన్ని తీశాడు. ఆ ఖనిజాన్ని ఇప్పుడు ఆయన పేరుతోనే షీలైట్ అంటున్నాం. అది కాల్షియం టంగ్‌స్టేటు. 1783లో స్పెయిన్‌లోని బెర్గారాలో ఎల్యుయార్ సోదరులు నల్లటి వుల్ఫ్రమైట్ నుంచి కూడా అదే ఆమ్లం వస్తుందని కనుక్కొని, బొగ్గుతో వేడిచేసి లోహాన్ని వేరు చేశారు.

రెండింట్లోనూ ఉన్న ఆమ్లం ఒకటే. మరి స్వచ్ఛమైన కాల్షియం టంగ్‌స్టేటుకు రంగే లేదు, ఇనుము ఉన్నదేమో నల్లగా ఉంటుంది. ఎందుకు?

టంగ్‌స్టేటులో టంగ్‌స్టన్ ఆరు ఎలక్ట్రాన్లు పోగొట్టుకొని +6 స్థితిలో ఉంటుంది. దాని డి-ఆర్బిటాళ్లు, అంటే ఇలాంటి లోహాల్లో రంగుకు కారణమయ్యే ఎలక్ట్రాన్లు కూర్చునే చోట్లు, ఖాళీ. కంటికి కనిపించే కాంతిని పీల్చుకొని పైకి ఎగరడానికి అక్కడ ఎలక్ట్రానే లేదు. కాల్షియం దగ్గరా లేదు. జింకు దగ్గర పది ఉన్నాయి కానీ అన్ని చోట్లూ నిండిపోయాయి, ఎగిరి కూర్చోడానికి ఖాళీ లేదు. అందుకే జింకు టంగ్‌స్టేటు తెలుపు. ఇనుముకు ఆరు, కోబాల్టుకు ఏడు, నికెలుకు ఎనిమిది. వీటిలో ఎలక్ట్రాన్లూ ఉన్నాయి, చోటూ ఉంది. రంగు అక్కడ పుడుతుంది. అయితే ఒకే అయాన్ లోపల జరిగే ఈ గెంతులు సాధారణంగా లేత రంగులే ఇస్తాయి. ఇనుము ఎలక్ట్రాన్ పక్కనున్న టంగ్‌స్టన్ ఖాళీ ఆర్బిటాల్‌లోకి కూడా దూకగలదు. కాంతిని గట్టిగా మింగేది ఆ దూకుడే. ఇనుము, కోబాల్టు, నికెలు వంటి పరివర్తన లోహాల టంగ్‌స్టేట్లలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే: టంగ్‌స్టన్ ఖాళీగా ఉండడం వల్లనే పక్క లోహం స్వభావం అంత స్పష్టంగా బయటపడుతుంది.

సూత్రం చూసి మోసపోకండి. ఒక టంగ్‌స్టన్‌కు నాలుగు ఆక్సిజన్లు అని రాస్తాం. షీలైట్‌లో నిజంగానే టంగ్‌స్టన్ చుట్టూ నాలుగే ఉంటాయి. వుల్ఫ్రమైట్‌లో మాత్రం టంగ్‌స్టన్ చుట్టూ ఆరు, ఇనుము చుట్టూ ఆరు! నాలుగే ఉంటే ఆరెలా వచ్చాయి? లెక్క వేయండి. రెండు లోహాలకూ కలిపి పన్నెండు బంధాలు కావాలి, ఉన్నవి నాలుగు ఆక్సిజన్లు. ఒక్కో ఆక్సిజన్ మూడు లోహ పరమాణువులను పట్టుకుంటే సరిపోతుంది. స్ఫటికంలో జరిగేది అచ్చంగా అదే. లోహం చుట్టూ ఆరు ఆక్సిజన్లు చేరితే ఏర్పడే ఎనిమిది ముఖాల ఆకారాన్ని అష్టముఖి అంటారు. ఇరుగుపొరుగు ఆక్సిజన్లను పంచుకుంటూ ఆ అష్టముఖులు వంకరటింకర గొలుసుల్లా సాగుతాయి. ఏ అమరిక వస్తుందన్నది చాలావరకు తోడున్న అయాన్ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. 95 పికోమీటర్ల కాడ్మియం వుల్ఫ్రమైట్ వైపు నిలుస్తుంది, 100 పికోమీటర్ల కాల్షియం షీలైట్ వైపు వెళ్లిపోతుంది.

రాగిది ఇంకో తీరు. దాని తొమ్మిది ఎలక్ట్రాన్ల వల్ల ఆరు బంధాల్లో ఎదురెదురుగా ఉన్న రెండు సాగిపోతాయి. దాంతో మొత్తం స్ఫటికమే కాస్త ఒరుగుతుంది. ఎండ సాయంతో నీటిని విడగొట్టే పరిశోధనల్లో ఈ రాగి టంగ్‌స్టేటు పేరు తరచు వినిపిస్తుంది. కాడ్మియం టంగ్‌స్టేటు మీద ఎక్స్-కిరణం పడితే కనిపించే కాంతి వస్తుంది కనుక దాన్ని సీటీ స్కానర్లలో వాడారు.

మీ బడి ప్రయోగశాలలో మాస్టారు పక్కనుంటే ఒకటి చేసి చూడండి. సోడియం టంగ్‌స్టేటు ద్రావణానికి రంగు ఉండదు, కోబాల్టు క్లోరైడు ద్రావణం గులాబీ రంగు. రెండూ కలిపితే అవక్షేపం దిగుతుంది. అందులో పరమాణువులు ఇంకా వరసలో కూర్చోలేదు. కొలిమిలో కొన్ని వందల డిగ్రీల దగ్గర వేడిచేస్తేనే స్ఫటికంగా అమరుతాయి. ఆమ్లం మాత్రం కలపకండి, టంగ్‌స్టేటు అయాన్లు ఒకదానికొకటి అతుక్కొని పెద్ద గుంపులైపోతాయి. కోబాల్టు లవణాలు ఒంటికి మంచివి కావు. చేతికి తొడుగులు వేసుకోండి, పొడిని పీల్చకండి, మిగిలిన ద్రావణాన్ని తూములో పొయ్యకండి. వేడి చేయని ముద్దలో కొంచెం దాచి ఉంచి, కాల్చిన పొడి చల్లారాక రెండింటి రంగులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య