చీనాబ్ తగాదా అంతా గేట్ల ఎత్తు దగ్గరే

1960 సింధు జలాల ఒప్పందంలో ఏ నది ఎవరిదన్న దానిపై గందరగోళం లేదు. రావి, బియాస్, సట్లెజ్ భారత్‌వి. సింధు, జీలం, చీనాబ్ పాకిస్తాన్‌వి. పేచీ అంతా ఆ మూడు పశ్చిమ నదుల మీద భారత్ కట్టుకునే జలవిద్యుత్ కేంద్రాలది. 1948 ఏప్రిల్ 1న భారత్‌లోని తూర్పు పంజాబ్ ఫిరోజ్‌పూర్ హెడ్‌వర్క్స్ దగ్గర తమవైపు వచ్చే కాలువల నీళ్లు ఆపేసిన సంగతిని పాకిస్తాన్ మరిచిపోలేదు. అందుకే ఒప్పందం అనుబంధం ‘డి’లో డిజైన్‌కే పగ్గాలు పడ్డాయి: డెడ్ స్టోరేజీ (విద్యుదుత్పత్తికి వాడుకోని అడుగు నిల్వ) మట్టానికి దిగువన తూములు ఉండకూడదు, పూడిక వంటి సాంకేతిక కారణంతో తప్పనిసరైతే చిన్నవిగా, వీలైనంత ఎత్తులో పెట్టాలి. తూము ఎంత కిందుంటే పైదేశానికి నీళ్ల మీద అంత పట్టు అన్నది పాకిస్తాన్ భయం.

ఆ భయం ఖరీదు చీనాబ్ మీద భారత్ కట్టిన సలాల్ ప్రాజెక్టులో తెలిసింది. 1978లో స్పిల్‌వే (వరద నీటిని వదిలే మార్గం) గేట్ల ఎత్తు తగ్గించుకుని, అడుగు తూములు మూసేయడానికి భారత్ ఒప్పుకుంది. చీనాబ్ వరదలో ఇసుక, బురద విపరీతం. బయటికి దారిలేక కొన్నేళ్లకే జలాశయం మేటవేసింది. మేట ఇన్‌టేక్ (టర్బైన్లకు నీళ్లు తీసుకునే ద్వారం) దాకా పెరిగితే ఇసుక టర్బైన్లలోకి పోయి రన్నర్లను, అంటే తిరిగే చక్రాలను, అరగదీస్తుంది; పీక్ డిమాండ్ వేళకు దాచుకునే నీళ్లూ మిగలవు.

అదే నది మీది బగ్లిహార్ ప్రాజెక్టులో భారత్ మళ్లీ అలా తగ్గలేదు. 2007లో తటస్థ నిపుణుడు రేమండ్ లఫిట్ గేట్లున్న స్పిల్‌వేను ఒప్పుకుంటూనే, విద్యుదుత్పత్తికి వాడుకునే నిల్వను 3.75 కోట్ల ఘనపు మీటర్ల నుంచి 3.256 కోట్లకు తగ్గించారు. అంటే 1.15 టీఎంసీలు. ఇంత చిన్న అంకె కోసం ఏళ్లతరబడి వాదన! 2013లో జీలం ఉపనది మీది కిషన్‌గంగ ప్రాజెక్టు కేసులో మధ్యవర్తిత్వ కోర్టు మాత్రం, ఊహించని అత్యవసరంలో తప్ప నీటిమట్టాన్ని డెడ్ స్టోరేజీ కిందికి దించకూడదంది. తూము పెట్టుకోవచ్చు, దానితో పూడిక కడగకూడదు అన్నట్టే. ఇంజినీర్లకు మింగుడుపడని తీర్పు.

పాకిస్తాన్ వాదన కొట్టిపారేయదగ్గదేమీ కాదు. పూడిక కడగడానికి ఖాళీ చేసిన జలాశయాన్ని మళ్లీ నింపాలి. ఆ రోజుల్లో దిగువన పాకిస్తాన్‌లోని మరాలా హెడ్‌వర్క్స్‌కు నీళ్లు తగ్గుతాయి. అందుకే చీనాబ్ మీద డెడ్ స్టోరేజీ నింపడానికి ఒప్పందం జూన్ 21 నుంచి ఆగస్టు 31 దాకా, వరద రోజులనే కేటాయించింది. 2008లో బగ్లిహార్ నింపినప్పుడు మరాలా దగ్గర ప్రవాహం 55,000 క్యూసెక్కుల కన్నా తగ్గిందని పాకిస్తాన్ ఫిర్యాదు చేసింది.

పహల్గామ్ దాడి మర్నాడు, 2025 ఏప్రిల్ 23న, భారత్ ఒప్పందాన్ని పక్కనపెట్టింది. మే మొదట్లోనే సలాల్, బగ్లిహార్‌లలో పూడిక కడుగుతున్నారని వార్తలొచ్చాయి. ఒప్పందం రాసిన గడువుకు అప్పటికింకా ఏడు వారాలుంది. దిగువన ఖరీఫ్ విత్తనాల కాలం.