30 మీటర్ల లోతున ఊపిరి ధర

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. అండమాన్ దీవుల్లోని హేవ్‌లాక్‌లో ఆయన ఇటీవల స్కూబా కోర్సు పూర్తి చేశారు. సిలిండర్‌లో 200 బార్ పీడనంతో దిగాలని, గేజ్ ముల్లు 50 దగ్గరికి రాగానే పైకి బయలుదేరాలని అక్కడ ఆయనకు నేర్పారు. 12 మీటర్ల లోతుకూ అదే 50, 30 మీటర్ల లోతుకూ అదే 50 ఎలా సరిపోతుందన్నది ఆయన సందేహం. చాలా న్యాయమైన సందేహం.

లెక్కలోకి దిగే ముందు ఒక చిన్న సవరణ. మన పత్రికలు ఈ సిలిండర్‌ను ఏళ్ల తరబడి ‘ఆక్సిజన్ సిలిండర్’ అని రాస్తూనే ఉన్నాయి. అందులో ఉండేది మనం రోజూ పీల్చే గాలే, కాకపోతే కుదించి నింపినది. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను 6 మీటర్లు దాటిన లోతులో పీలిస్తే మూర్ఛ రావచ్చు, నీటి అడుగున మూర్ఛ వస్తే బతికి బయటపడడం కష్టం.

కాలినడకన కొండ ఎక్కినవారికి ఒక సంగతి తెలుసు: అడుగున ఇరవై రూపాయలకు దొరికే నీళ్ల సీసా మెట్లు ఎక్కేకొద్దీ ప్రియమవుతుంది. సముద్రంలో ఈ బేరం తలకిందులుగా నడుస్తుంది, దిగేకొద్దీ ధర పెరుగుతుంది. చుట్టూ ఉన్న నీరు ఛాతీని ఎంత పీడనంతో నొక్కుతుందో, సిలిండర్ నుంచి నోటికి గాలి అందించే రెగ్యులేటర్ అంతే పీడనంతో దాన్ని ఇవ్వాలి, లేకపోతే ఊపిరితిత్తులు విచ్చుకోలేవు. నీటి ఉపరితలాన 1 బార్ ఉండే పీడనం 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3, 30 దగ్గర 4 బార్లవుతుంది. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన నియమం ప్రకారం, 30 మీటర్ల లోతున తీసుకునే ఒక్క శ్వాసలో పైన నాలుగు శ్వాసలకు సరిపడే గాలి ఖర్చవుతుంది. గేజ్ ముల్లు జేబులో ఎంత డబ్బుందో చెబుతుంది గానీ, మీరు నిలబడ్డ చోట ఆ డబ్బుకు ఏమి వస్తుందో చెప్పదు.

ఇక తిరుగు ప్రయాణపు ఖర్చు కడదాం. మన దగ్గర విరివిగా వాడే అల్యూమినియం సిలిండర్ లోపలి పరిమాణం సుమారు 11 లీటర్లు, కాబట్టి 50 బార్ అంటే 550 లీటర్ల గాలి. నింపాదిగా ఈదే మనిషి నిమిషానికి 15 నుంచి 20 లీటర్లు పీలుస్తాడు, భయపడినవాడికి 30 అయినా కావాలి. నిల్వ గాలి అవసరమయ్యేది మన బడ్డీ, అంటే జతగా దిగిన డైవర్, గాలి అయిపోయిందని మెడ మీద అడ్డంగా చెయ్యి ఆడించినప్పుడే కాబట్టి, లెక్క ఎప్పుడూ ఇద్దరికి వేయాలి. అంటే నిమిషానికి 60 లీటర్లు. 30 మీటర్ల దగ్గర అదనపు రెగ్యులేటర్ అందించి, చేతులు పట్టుకుని, ఒకరినొకరు చూసుకుని కుదుటపడడానికి ఒక నిమిషం పడితే అక్కడి ధర ప్రకారం 240 లీటర్లు పోయాయి. నిమిషానికి 9 మీటర్ల వేగంతో 5 మీటర్ల లోతు దాకా రావడానికి సుమారు 3 నిమిషాలు. దారిలో సగటు పీడనం 2.75 బార్లు కాబట్టి మరో 495. అక్కడ ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోయేందుకు ఆగే 3 నిమిషాల సేఫ్టీ స్టాప్‌కు 270, చివరి 5 మీటర్లకు 75. మొత్తం 1,080 లీటర్లు. దాన్ని 11తో భాగిస్తే సుమారు 98 బార్లు.

అంటే సిలిండర్‌లో దాదాపు సగం గాలి దిగినవాడిది కాదు, ఇద్దరి తిరుగు టికెట్టుకు పక్కన పెట్టినది. ఆపదలో సేఫ్టీ స్టాప్ మానేయవచ్చు, మానేయాలి కూడా, ఎందుకంటే ఆ నైట్రోజన్ బుడగలై తెచ్చే బెండ్స్ జబ్బుకు చికిత్స ఉంది, ఊపిరాడక మునిగిపోతే లేదు. అది తీసేసినా 810 లీటర్లు, 74 బార్లు కావాలి. సేఫ్టీ స్టాప్‌తో సహా ఇదే లెక్కను 18 మీటర్లకు వేస్తే 64, 12 మీటర్లకు వేస్తే 53 వస్తాయి. అంటే పాఠకుడు నేర్చుకున్న 50 అనే అంకె 12 మీటర్ల లోపు మాత్రమే ఉజ్జాయింపుగా నిజం. లోతు ప్రస్తావన లేకుండా దాన్ని అన్ని చోట్లకూ వర్తించే సూత్రంగా బట్టీ పట్టించడం, నా దృష్టిలో, బోధనలోని బద్ధకం.

నిల్వ కూడా అయిపోతే? ఇక్కడ బాయిల్ నియమం మనవైపు తిరుగుతుంది. 30 మీటర్ల దగ్గర రెగ్యులేటర్ మొరాయించినంత మాత్రాన సిలిండర్ శూన్యమైపోదు, లోపలి పీడనం బయటి పీడనానికి దాదాపు సమానమై గాలి కదలడం మానేసిందంతే. పైకి వచ్చేకొద్దీ బయటి పీడనం తగ్గి, ఖాళీ అనుకున్న జేబులో మళ్లీ చిల్లర దొరుకుతుంది. 10 మీటర్లకు చేరేసరికి 2 బార్ల తేడా, అంటే ఉపరితలం లెక్కన 22 లీటర్లు, ఆ లోతున అయిదారు శ్వాసలు. గాలి రావడం లేదని రెగ్యులేటర్‌ను నోట్లోంచి తీసి పారేసినవాడు వీటిని పోగొట్టుకుంటాడు.

బడ్డీ దూరమైపోతే, 9 మీటర్ల లోపు లోతు నుంచి ఒంటరిగా రావడానికి నేర్పే పద్ధతి వేరే ఉంది: రెగ్యులేటర్ నోట్లోనే ఉంచుకుని, ‘ఆ...’ అని సన్నగా గాలి వదులుతూ పైకి ఈదడం. జీలుగు బెండ్లు కట్టుకుని బావిలో ఈత నేర్చినవారికి ఇది మింగుడుపడదు. వారికి మునగడమంటే ఊపిరి బిగపట్టడమే. బావిలో బిగపట్టిన ఊపిరి గట్టు మీద పీల్చినది కాబట్టి పైకి వచ్చేసరికి పాత పరిమాణానికే వస్తుంది. 10 మీటర్ల అడుగున సిలిండర్ నుంచి నింపుకున్న 6 లీటర్లు మాత్రం పైకి వచ్చేసరికి 12 కావాలి. ఛాతీలో అంత చోటు లేదు. నిండు ఊపిరితో ఒక మీటరు పైచిలుకు పైకి లేచినా గాలితిత్తులు చిరగవచ్చు, ఆ గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకు చేరవచ్చు. ప్రాణాయామం చేసేవారికి గాలి తక్కువ ఖర్చవుతుందనే మాట డైవర్లలో వినిపిస్తుంది. నెమ్మదిగా ఊపిరి వదలడం వరకు అది నిజమే, ఊపిరి బిగపట్టే కుంభకాన్ని మాత్రం ఒడ్డునే వదిలిరావాలి.

విశాఖలోని ఐఎన్‌ఎస్ శాతవాహనలో ఆపదలో పడ్డ జలాంతర్గామి నుంచి తప్పించుకోవడంలో సిబ్బందికి శిక్షణనిచ్చేందుకు 2024 జూన్‌లో ప్రారంభమైన ‘వినేత్ర’ కేంద్రంలో నీళ్ల గోపురం ఎత్తు 5 మీటర్లే. ఆ కాస్త ఎత్తులోనే పీడనం 1.5 నుంచి 1 బార్‌కు పడిపోతుంది. అంటే ఊపిరి బిగపడితే ప్రాణం మీదికి తెచ్చేంత తేడా అక్కడ కూడా ఉంది.

పాఠకుడు చివర్లో ఇంకొకటి అడిగారు: ఆన్‌లైన్‌లో అమ్మే అర లీటరు చిన్న సిలిండర్ కొనుక్కుంటే ధైర్యంగా ఉండవచ్చా అని. 200 బార్లు నింపినా అందులో ఉండేది 100 లీటర్లు. 30 మీటర్ల దగ్గర భయపడిన మనిషికి నిమిషానికి 120 కావాలి కాబట్టి అది 50 సెకన్లకు వస్తుంది, పైకి రావడానికేమో 3 నిమిషాలకు పైనే పడుతుంది. అదే ‘పోనీ’ అని పిలిచే 3 లీటర్ల అదనపు సిలిండర్ అయితే 600 లీటర్లు ఇస్తుంది, పై లెక్కలో ఒక మనిషి వాటా 540. అర లీటరు సీసా అక్కరకు వచ్చేది 6 మీటర్ల దగ్గర, అక్కడ దాదాపు రెండు నిమిషాలు వస్తుంది. కానీ అంత లోతు నుంచి ‘ఆ...’ అంటూ ఈదుకు రావడానికి ఒక నిమిషం కూడా పట్టదు.