ఇంట్లో దొంగతనం కేసు కోర్టులో ఎలా నడుస్తుంది: బెంగళూరులో నేను తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

నేను బెంగళూరు మేజిస్ట్రేట్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూస్తాను, ఎక్కువగా నృపతుంగ రోడ్డు, అప్పుడప్పుడు మేయో హాల్. మారతహళ్లి, కేఆర్ పురం వైపు మనవాళ్లు చాలామంది ఉన్నారు కదా, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి తాళం పగిలి బీరువా తెరిచి ఉంటుంది, అప్పుడు ఫోన్ చేస్తారు. అప్పటికే ఎవరో చెప్పిన మాటలు నమ్మేసి ఉంటారు, వాటివల్ల పోయిన బంగారం తిరిగొచ్చే దారి వాళ్లే మూసేసుకుంటున్నారు, చూస్తే బాధేస్తుంది, అందుకే ఇది.

అపోహ: దొంగ దొరికాడు, స్టేషన్లో ఒప్పేసుకున్నాడు, ఇంక కేసు గెలిచినట్టే.

వాస్తవం: పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. పాత ఎవిడెన్స్ యాక్టులో సెక్షన్ 25 అదే చెప్పేది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 23 కూడా అదే. ఒక్క ముక్క మాత్రం పనికొస్తుంది, "ఫలానా కొట్టులో తాకట్టు పెట్టాను" అని చెప్పి, ఆ మాట పట్టుకుని వెళ్తే వస్తువు నిజంగా దొరికితే, అది దొరకడానికి కారణమైన మాట వరకు చెల్లుతుంది. అందుకే ఇలాంటి కేసులు చాలావరకు రికవరీ మహజరు (వస్తువు దొరికినప్పుడు సాక్షుల ముందు రాసే పత్రం) మీదే నిలబడతాయి. ఏళ్ల తర్వాత ఆ పత్రం మీద సంతకం పెట్టిన పంచ సాక్షి బోనెక్కి "స్టేషన్లో సంతకం పెట్టమన్నారు పెట్టాను, ఆ కొట్టు నేను చూడనేలేదు" అంటాడు, మా కోర్టుల్లో ఇది చాలా మామూలు. 2024 జూలై 1న కొత్త చట్టాలు వచ్చాక సోదా, జప్తు వీడియో తీయాలని కేసుల పద్ధతి చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 105 పెట్టారు, నా దృష్టిలో ఇది నిజంగా మంచి మార్పు, వీడియో సరిగ్గా తీసి ఉంటే సాక్షి మాట మార్చినా కేసు బతుకుతుంది.

వీడియో ఉన్నా ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది, దొరికిన గాజులు మీవే అని ఏంటి రుజువు? ఫిర్యాదులో "బంగారు గొలుసు 40 గ్రాములు" అని రాసి వదిలేస్తే డిఫెన్స్ లాయర్ అడిగే మొదటి ప్రశ్న అదే, ఇలాంటి గొలుసులు ఊళ్లో ఎంతమంది దగ్గర లేవు అని. డిజైన్, బరువు, షాపు ముద్ర, బిల్లు, హాల్‌మార్క్ హెచ్‌యూఐడీ నంబరు, ఆ నగ పెట్టుకున్న పెళ్లి ఫోటో, వీటిలో ఏది ఉన్నా మొదటి రోజే ఇచ్చేయండి. తర్వాత గుర్తొచ్చినవి ఉంటే అదనపు స్టేట్‌మెంట్ ఇవ్వొచ్చు, మొహమాటపడొద్దు.

అపోహ: చట్టంలో 14 ఏళ్లు అని ఉంది, కాబట్టి వాడికి 14 ఏళ్లు పడుతుంది.

వాస్తవం: రాత్రిపూట ఇల్లు పగలగొట్టి దొంగతనానికి దిగితే కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్ 331(4) కింద గరిష్ఠంగా 14 ఏళ్లు, పగలైతే 331(3) కింద 10 ఏళ్లు, నివాసంలో దొంగతనానికి 305 కింద 7 ఏళ్లు. 2024 జూలైకి ముందు జరిగినవైతే పాత శిక్షాస్మృతి ఐపీసీలో 457, 454, 380. ఇవన్నీ గరిష్ఠాలు. పైగా ఈ కేసులు వినేది మేజిస్ట్రేటు, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు 3 ఏళ్లకు మించి శిక్ష వేయలేరు, చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకి 7 ఏళ్ల వరకు ఉంది. ఇంకా ఎక్కువ పడాలి అనిపిస్తే ఫైలు చీఫ్‌కి పంపే వీలుంది, కానీ అది అరుదు. మరోవైపు బెయిలుకి జామీను ఇచ్చేవాళ్లు లేక పరప్పన అగ్రహార జైల్లోనే ఉండిపోయేవాళ్లుంటారు, కొంతమంది ఒకరోజు "నేరం ఒప్పుకుంటాను" అంటారు, అప్పుడు జడ్జి వేసిన శిక్షలోంచి లోపల గడిపిన రోజులు తీసేస్తారు, కొన్నిసార్లు అదే రోజు బయటికొస్తారు. ఫిర్యాదు చేసినవాళ్లకి ఇది అన్యాయంలా కనిపిస్తుంది, వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, కానీ విచారణ మొదలవకుండానే ఏడాది పైన జైల్లో కూర్చున్న మనిషి కూడా శిక్ష అనుభవించినట్టే, ఆ లెక్క కోర్టు వేయాల్సిందే.

పాత నేరస్థుడైతే కథ వేరు. ఇదివరకు ఇలాంటి కేసులో శిక్ష పడి ఉంటే, అది ఛార్జిషీటులో చూపించి రుజువు చేస్తే బీఎన్‌ఎస్ సెక్షన్ 13 కింద శిక్ష బాగా పెరగొచ్చు. పది ఇళ్లు దోచినవాడికి పది కేసుల్లో శిక్షలు వాటంతటవే కలిసి నడవవు, ఏకకాలంలో నడవాలని కోర్టు ప్రత్యేకంగా చెప్తేనే కలుస్తాయి. అదే మొదటిసారి దొరికిన 19 ఏళ్ల కుర్రాడైతే 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది, 21 ఏళ్లలోపు వాళ్లని ఊరికే జైలుకి పంపకూడదు, పంపితే జడ్జి కారణాలు రాయాలి.

అపోహ: రికవరీ అయిన బంగారం తీర్పు వచ్చేదాకా ఇవ్వరు.

ఇది నమ్మి ఏళ్ల తరబడి ఊరుకున్నవాళ్లున్నారు. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఫోటోలు తీసి, పంచనామా రాసి, బాండు తీసుకుని యజమానికి త్వరగా ఇచ్చేయాలి, వస్తువులు స్టేషన్లో నెలల తరబడి పడుండకూడదు అని. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 497లో గడువులు కూడా పెట్టారు, కోర్టు ముందుకి వచ్చిన 14 రోజుల్లో వివరాల జాబితా, ఆ తర్వాత 30 రోజుల్లో ఏం చేయాలో ఉత్తర్వు. మీరు చేయాల్సింది స్టేషన్లో పీఎఫ్ నంబరు (జప్తు చేసిన వస్తువుల ప్రాపర్టీ ఫారం నంబరు) అడిగి తీసుకోవడం, మధ్యంతర కస్టడీకి, అంటే కేసు తేలేదాకా నగలు మీ దగ్గర ఉంచుకోవడానికి, కోర్టులో దరఖాస్తు పెట్టడం, బిల్లులు జతచేయడం, బాండు రాయడం. నగలు అమ్మకూడదు, కరిగించకూడదు, అడిగినప్పుడు తేవాలి అని సాధారణంగా షరతులుంటాయి. దయచేసి వాటిని పాటించండి, కరిగించి కొత్త డిజైన్ చేయించుకుంటే సొంత కేసుని మీరే పాడుచేసుకున్నట్టు.

చిన్నవి కొన్ని. తలుపుకి గడియ పెట్టలేదు కాబట్టి కేసు అవ్వదు అనేది తప్పు, గడియ లేని ఇంట్లోంచి తీసినా దొంగతనమే. సొంత లాయరు తప్పనిసరి కాదు, కేసు నడిపేది ప్రభుత్వం తరఫు లాయరు, ఏపీపీ అంటారు. దొంగ ఇంటివాళ్లు డబ్బిస్తామన్నారు, రాజీ రాసుకుంటే కేసు పోతుంది అనుకోవద్దు, ఇల్లు పగలగొట్టిన కేసు మేజిస్ట్రేటు దగ్గర రాజీకి కుదరదు, రద్దు కావాలంటే హైకోర్టుకి వెళ్లాలి. పోలీసుల ఈ-లాస్ట్ యాప్‌లో రిపోర్టు పెట్టడం ఎఫ్‌ఐఆర్ కాదు, అది పారేసుకున్న వస్తువుల కోసం. సీసీటీవీ ఫుటేజీ ఫోన్లో వాట్సాప్ చేస్తే సరిపోదు, ఒరిజినల్ డీవీఆర్ (కెమెరా రికార్డింగ్ దాచే పెట్టె) పోలీసులకి అందాలి, లేదా కాపీతో పాటు సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ ఉండాలి.

ఆచూకీ దొరకలేదని పోలీసులు సీ రిపోర్టు వేశారంటే ఫైలు చచ్చిపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు. ఏళ్ల తర్వాత వేరే కేసులో దొరికినవాడి వేలిముద్ర మీ ఇంట్లో తీసిన ముద్రతో కలిస్తే మళ్లీ తెరుస్తారు. ఆ ముద్ర ఉండాలంటే మొదటి రోజు బీరువా తలుపు ఎవరూ ముట్టుకోకుండా ఉండాలి, అది మీ చేతుల్లో ఉన్న పని.

చివరగా సమన్ల సంగతి. కేసు బోనుదాకా వచ్చేసరికి ఫిర్యాదుదారు హైదరాబాదుకి మారిపోయి ఉంటారు, ఫోన్ నంబరు మారి ఉంటుంది, సమన్లు "ఈ అడ్రసులో లేరు" అని వెనక్కి వస్తాయి, నగలు గుర్తుపట్టాల్సిన మనిషే రాకపోతే ఏపీపీ ఏం చేయగలరు? ఇల్లు మారిన వారంలోనే కొత్త అడ్రసు, నంబరు స్టేషన్‌కి రాసివ్వండి, కోర్టు కేసు నంబరు అడిగి ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో వాయిదాలు చూసుకుంటూ ఉండండి, రావడం నిజంగా కష్టమైతే వీడియో ద్వారా సాక్ష్యం చెప్పే అవకాశం అడగమని ఏపీపీకి ముందే చెప్పండి.