మతం గురించి మా క్లాసులో రోజూ వినే అపోహలు

డిగ్రీ పిల్లలకు సోషియాలజీ చెబుతాను. మతం పాఠం మొదలుపెట్టిన రోజే ఎవరో ఒకరు లేచి, "మేడమ్, మీరు దేవుణ్ణి నమ్ముతారా?" అని అడుగుతారు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: సోషియాలజీ దేవుడు లేడని చెబుతుంది.

దేవుడు ఉన్నాడా లేడా అన్నది మా శాస్త్రం తేల్చేది కాదు. నమ్మకం మనుషుల్ని ఎలా కలుపుతోంది, ఎలా విడదీస్తోంది అన్నదే మేం చూస్తాం. జనమంతా ఒకచోట చేరి ఆచారం జరిపినప్పుడు పుట్టే ఉద్వేగమే సమూహాన్ని నిలబెడుతుందని 1912లో ఫ్రెంచ్ సోషియాలజిస్టు దుర్ఖైమ్ రాశాడు. మేడారం జాతరలో సమ్మక్కను చిలకలగుట్ట నుంచి గద్దె మీదికి తెచ్చే సాయంత్రం అక్కడ నిలబడ్డవాళ్లకు ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

అపోహ: మార్క్స్ మతాన్ని మత్తుమందని తిట్టాడు, అంతే.

ఆ మాట ఉన్నది 1844లో అచ్చయిన ఒక వ్యాసంలో. అందులో ఆ మాటకు ముందే మతం అణగారిన ప్రాణి నిట్టూర్పు అన్నాడు, హృదయం లేని లోకానికి హృదయం అన్నాడు. ఆయన వాడిన మాట నల్లమందు. అప్పట్లో యూరప్‌లో అది నొప్పి తగ్గించే మందుగా కొట్లలో దొరికేది. మతాన్ని ఆయన విమర్శించాడు, నిజమే. కానీ ఆ నొప్పి అబద్ధమని అనలేదు. పరీక్షలో ఒక్క ముక్క రాసి ఊరుకునే పిల్లలకు ఇది పదేపదే చెబుతాను.

అపోహ: చదువు పెరిగితే మతం దానంతటదే పోతుంది.

1960లలో సోషియాలజిస్టు పీటర్ బెర్గర్ ఇంచుమించు ఇదే అన్నాడు. 1999 నాటికి, తన అంచనా తప్పని తనే ఒప్పుకున్నాడు.

అపోహ: మతం మారితే కులం పోతుంది.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. ఎస్సీ హోదా ఇచ్చే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులైన దళితులకు ఇప్పటికీ అది వర్తించదు. అలాగని కులం వాళ్లను వదిలిందా? తెలుగు రాష్ట్రాల్లో వాళ్లకోసమే బీసీ-సీ అనే గ్రూపు ఉంది, 1 శాతం రిజర్వేషన్‌తో. వాళ్లకు పుట్టిన పిల్లల్నీ అందులోనే చేర్చారు. అంటే మతం మారినా కులం వెంట వస్తుందని ప్రభుత్వ జాబితాయే ఒప్పుకుంటోంది. పెళ్లి సంబంధాల దగ్గర అది ఇంకా బాగా కనిపిస్తుంది.

ఈ పాఠం చెప్పిన రోజు ఒక అమ్మాయి స్టాఫ్ రూముకొచ్చి, "మా ఊళ్లో చర్చిలే కాదు మేడమ్, సమాధుల దొడ్లు కూడా వేరే" అంది. ఆ ఏడాది ప్రాజెక్టు దానిమీదే చేయమన్నాను.