బోర్డు మీద కనిపించని పని: గణిత మోడలింగ్ బోధకులకు గుర్తింపు ఎలా వచ్చింది

2016 జులైలో జర్మనీలోని హాంబర్గ్‌లో జరిగిన పదమూడవ అంతర్జాతీయ గణిత విద్యా మహాసభలో ఎమ్మా కాస్టెల్‌నువోవో పురస్కారాన్ని తొలిసారిగా ప్రదానం చేశారు. దాన్ని అందుకున్నవారు హ్యూ బర్క్‌హార్ట్, మాల్కమ్ స్వాన్. ఇద్దరూ బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన గణిత విద్యా కేంద్రం షెల్ సెంటర్‌లో దశాబ్దాల పాటు కలిసి పనిచేశారు. బర్క్‌హార్ట్ సైద్ధాంతిక భౌతికశాస్త్రం నుంచి గణిత విద్యలోకి వచ్చినవారు, స్వాన్ పాఠాలను రూపొందించడంలో చేయి తిరిగినవారు. బయటి ప్రపంచంలోని ఒక ప్రశ్నను గణితంలోకి తెచ్చుకుని, వచ్చిన ఫలితాన్ని తిరిగి ఆ ప్రపంచంతోనే సరిచూసుకునే పద్ధతిని గణిత మోడలింగ్ అంటారు. దాన్ని సాధారణ ఉపాధ్యాయులు సాధారణ తరగతిలో నేర్పగలిగేలా పాఠాలుగా మలచడం ఆ ఇద్దరి కృషిలో ఒక ముఖ్య భాగం. ఇలాంటి పనికి అంతర్జాతీయ వేదిక మీద గౌరవం దక్కడానికి అన్నేళ్లు ఎందుకు పట్టిందో తెలియాలంటే, ముందుగా ఆ బోధన స్వభావాన్ని చూడాలి.

మూడంతస్తుల భవనంలో మంటలు లేస్తే లోపలి వారందరూ బయటపడడానికి ఎంతసేపు పడుతుందని ఒక తరగతిని అడిగామనుకుందాం. ప్రశ్నలో ఒక్క అంకె కూడా లేదు. లోపల ఎంతమంది ఉన్నారు, మెట్ల మీద ఒకేసారి ఎందరు దిగగలరు, కంగారులో నడక వేగం పెరుగుతుందా లేక తోపులాటతో తగ్గుతుందా అన్నవి విద్యార్థులే ఆలోచించి, కొన్నింటిని లెక్కలోకి తీసుకుని, కొన్నింటిని కావాలనే పక్కన పెట్టాలి. ఆ తరువాతే సమీకరణం వస్తుంది. జవాబు నలభై సెకన్లని తేలితే అది నమ్మదగ్గదేనా అని తమను తామే ప్రశ్నించుకుని, అవసరమైతే మొదటి ఊహల దగ్గరికి తిరిగి వెళ్లాలి. ఈ క్రమంలో ఉపాధ్యాయురాలు చేసే అతి కష్టమైన పని, తనకు తెలిసినదాన్ని చెప్పకుండా ఆగడం. ఎప్పుడు చిన్న ప్రశ్న వేయాలో, ఎప్పుడు మౌనంగా ఉండాలో తేల్చుకోవడంలోనే ఆమె నేర్పు ఉంటుంది. తనిఖీకి వచ్చినవారికి అది బోర్డు మీద కనిపించదు, పరీక్ష మార్కుల్లోనూ సులభంగా తేలదు. గుర్తింపు ఆలస్యం కావడానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

పాఠశాల గణితం లోకానికి పనికొచ్చేదిగా ఉండాలన్న వాదన కొత్తది కాదు. జర్మనీ పాఠశాలల కోసం 1905లో వెలువడిన మెరాన్ సంస్కరణ ప్రతిపాదనల వెనుక ఉన్న జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్, గణితాన్ని ప్రకృతి శాస్త్రాలతో, సాంకేతికతతో కలిపి నేర్పాలని గట్టిగా కోరారు. 1908లో రోమ్‌లో ఏర్పడిన అంతర్జాతీయ గణిత బోధనా కమిషన్‌కు తొలి అధ్యక్షుడు కూడా ఆయనే. అయితే శతాబ్దం మధ్యకు వచ్చేసరికి గాలి మరో దిక్కుకు వీచింది. 1957లో స్పుత్నిక్ ప్రయోగం తరువాత అనేక దేశాల్లో ఊపందుకున్న ‘నవ్య గణితం’ ఉద్యమం సమితులకు, నిర్మాణాలకు, స్వీకృతాలకు పెద్దపీట వేసింది, అనువర్తనాలు వెనక్కి జరిగాయి.

దానికి ఎదురుగాలి 1960ల చివర్లో మొదలైంది. గణితవేత్త హన్స్ ఫ్రాయిడెంతాల్ చొరవతో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఒక సదస్సు జరిగింది. గణితం ఉపయోగపడేలా దాన్ని ఎలా బోధించాలన్నదే అక్కడి చర్చనీయాంశం. ఆ కాలంలో గొంతు విప్పిన వారిలో హెన్రీ పొల్లాక్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వియన్నాలో పుట్టి, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దశాబ్దాల పాటు పనిచేసిన గణితవేత్త ఆయన. టెలిఫోన్ ఇంజినీర్లు తెచ్చే అస్పష్టమైన ఇబ్బందులను గణిత సమస్యలుగా తీర్చిదిద్దడమే అక్కడి నిత్యకృత్యం కనుక, పాఠ్యపుస్తకాల్లో ‘అనువర్తనాలు’ పేరిట వచ్చే లెక్కలకు, నిజమైన అనువర్తనానికి మధ్య ఉన్న దూరం ఆయనకు ప్రత్యక్షంగా తెలుసు. పాఠ్యపుస్తకంలోని లెక్క మాటల్లో మాత్రమే లోకాన్ని తలపిస్తుంది. అందులో కావలసిన సమాచారమంతా ముందే ఇచ్చి ఉంటుంది, అనవసరమైనది ఒక్కటీ ఉండదు, జవాబు సరైనదో కాదో లోకాన్ని అడగాల్సిన అవసరమే రాదు. పొల్లాక్ 1969లో ఈ విషయంపై రాసిన వ్యాసం ఇప్పటికీ ఈ రంగంలోని వారికి ఆకరంగానే ఉంది. ఆ తరువాత కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో చేరి, కాబోయే ఉపాధ్యాయులకు మోడలింగ్ నేర్పడానికి ఆయన తన జీవితంలో రెండవ అంకాన్ని కేటాయించారు.

సమస్య ఎంత లోతైనదో 1973లో బ్రిటన్‌లో రొనాల్డ్ మెక్లోన్ వెలువరించిన నివేదిక బయటపెట్టింది. గణిత పట్టభద్రుల గురించి వారికి ఉద్యోగాలిచ్చినవారిని, ఆ పట్టభద్రులను కూడా అడిగి తయారుచేసిన అధ్యయనమది. తేలినదేమంటే, సమస్యను ఎవరైనా గణిత రూపంలో అందిస్తే వీరు బాగా సాధిస్తారు, దాన్ని ఆ రూపంలోకి తెచ్చుకోవడంలో అంత సమర్థులు కారు, చేసిన పనిని విమర్శనాత్మకంగా తూచుకోవడంలోను, ఇతరులకు వివరించడంలోను వెనకబడి ఉన్నారు. విశ్వవిద్యాలయాల్లో మోడలింగ్ కోర్సులు మొదలుపెట్టాలనుకున్న అధ్యాపకులకు ఇది పెద్ద ఆసరా అయింది. 1983లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో, డేవిడ్ బర్జెస్ ప్రభృతుల చొరవతో, మోడలింగ్ బోధనపై తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. రెండేళ్లకోసారి జరుగుతూ వచ్చిన ఆ సదస్సుల వల్ల, తమ తమ విభాగాల్లో ఒంటరిగా ప్రయోగాలు చేస్తున్న ఉపాధ్యాయులకు ఒకరి పని ఒకరికి తెలిసే చోటు ఏర్పడింది. బహుమతుల కన్నా ముందు వారికి దక్కిన గౌరవం అదే అనుకుంటాను.

అట్లాంటిక్‌కు ఆవల కథ పోటీల దారి పట్టింది. అమెరికాలో కళాశాల విద్యార్థులకు 1938 నుంచి సాగుతున్న పుట్నమ్ పోటీ ఏ పుస్తకం సాయం లేకుండా ఒక్కొక్కరూ విడివిడిగా, కొన్ని గంటల్లో సాధించాల్సిన శుద్ధ గణిత పరీక్ష. అనువర్తిత గణితం వైపు మొగ్గే విద్యార్థులకు అలాంటి వేదిక లేదని గమనించిన గణిత ఆచార్యుడు బెన్ ఫుసారో, గణిత అనువర్తనాల బోధన కోసం సాల్మన్ గార్‌ఫంకెల్ స్థాపించిన కోమ్యాప్ సంస్థతో కలిసి 1985లో మోడలింగ్ పోటీని ప్రారంభించారు. ముగ్గురేసి జట్లుగా, ఏ పుస్తకమైనా తిరగేస్తూ, కొన్ని రోజుల పాటు ఒకే విశాలమైన సమస్యపై పనిచేసి పూర్తి నివేదిక రాయాలి. ఫుసారోకు దక్కిన గౌరవం ఏ రూపంలో ఉందో చూడండి. ఆ పోటీలో విశేషమైన సృజనాత్మకత చూపిన నివేదికకు ఇచ్చే బహుమతికి ఆయన పేరు పెట్టారు. ఆయన తరువాత చాలాకాలం పోటీని నడిపిన ఫ్రాంక్ జోర్డానో పేరుతోనూ మరో బహుమతి ఉంది. గురువు పేరు పలుకుతూ శిష్యుడిని సత్కరించే ఈ పద్ధతి ముచ్చటైనదే, ఆ ఇద్దరి స్వభావానికి తగినదే. కానీ ఆ శిష్యుడిని తీర్చిదిద్దిన ఉపాధ్యాయుడికి అందులో చోటు చిన్నది. పోటీ నియమాల ప్రకారం, సమస్య చేతికందాక జట్టు సలహాదారు ఏ సాయమూ చేయకూడదు. ఆయన చేసిన పనంతా అంతకు ముందు నెలల్లోనే జరిగిపోయి ఉంటుంది. చైనాలో 1992లో మొదలైన జాతీయ మోడలింగ్ పోటీ, 1999లో వచ్చిన ఉన్నత పాఠశాల పోటీ, 2015లో మొదలైన అంతర్జాతీయ పోటీ ఈ ఒరవడినే విస్తరించాయి.

ఇక పాఠ్యప్రణాళికల సంగతి. 2003లో జర్మనీ తెచ్చిన విద్యా ప్రమాణాలు మోడలింగ్‌ను ప్రధాన సామర్థ్యాల్లో ఒకటిగా చేర్చాయి. 2010లో అమెరికాలో వెలువడిన ఉమ్మడి ప్రమాణాలు దాన్ని అన్ని తరగతులకూ వర్తించే అభ్యాసంగాను, ఉన్నత పాఠశాల గణితంలో ఒక విభాగంగాను పేర్కొన్నాయి. పత్రాల మీదికి ఎక్కిన ఈ బాధ్యత, తాము చదువుకునే రోజుల్లో మోడలింగ్ ఎరగని ఉపాధ్యాయుల భుజాల మీద పడింది. వారికి దారి చూపేందుకు కోమ్యాప్, అమెరికాలోని అనువర్తిత గణితవేత్తల సంఘం సియామ్ కలిసి 2016లో ఒక మార్గదర్శక నివేదిక తెచ్చాయి. చిన్న తరగతుల్లో కూడా మోడలింగ్ సాధ్యమేనని ఉదాహరణలతో చూపడం దాని ప్రత్యేకత.

అంతర్జాతీయ పురస్కారాల వైపు చూస్తే, అంతర్జాతీయ గణిత బోధనా కమిషన్ 2003లో తొలిసారి ప్రకటించిన ఫెలిక్స్ క్లైన్, హన్స్ ఫ్రాయిడెంతాల్ పురస్కారాలు రెండూ గణిత విద్యలో పరిశోధనకు ఉద్దేశించినవి. అనువర్తనాల కోసం వాదించిన ఇద్దరి పేర్లు వాటికి ఉన్నా, పాఠం తయారుచేసేవారూ పాఠం చెప్పేవారూ వాటి పరిధిలోకి రాలేదు. ఆ లోటు తీర్చేందుకే, ఎమ్మా కాస్టెల్‌నువోవో నూరవ పుట్టినరోజును పురస్కరించుకుని 2013లో, ఆచరణలో ప్రతిభకు మూడవ పురస్కారాన్ని నెలకొల్పారు. ఆమె రోమ్‌లో మాధ్యమిక తరగతుల పిల్లలకు గణితం చెప్పిన ఉపాధ్యాయురాలు. ఇటలీ తెచ్చిన యూదు వ్యతిరేక జాతి చట్టాల వల్ల 1938లో ప్రభుత్వ ఉద్యోగానికి దూరమై, యూదు పిల్లల పాఠశాలలో బోధించి, యుద్ధం తరువాత ప్రభుత్వ పాఠశాలలో చేరి, చేతితో తాకి చూడగల వస్తువులతో జ్యామితి నేర్పారు.

పురస్కారం అందుకున్న మరుసటి ఏడాదే, 2017లో, మాల్కమ్ స్వాన్ కన్నుమూశారు. 2020కి ఆ పురస్కారం అమెరికాలోని గణిత ఉపాధ్యాయుల జాతీయ మండలికి వెళ్లింది. అలా తొలి రెండు పర్యాయాల్లో ఒకసారి పాఠ రూపకర్తలకు, ఒకసారి సంస్థకు అది దక్కింది. రెండూ అర్హమైన ఎంపికలే. అయితే ప్రతిరోజూ తరగతిలో నిలబడే ఉపాధ్యాయురాలిని ఎంచుకోవాలంటే, ఎంపిక సంఘాలు ప్రచురణల జాబితాలకు, పతకాల లెక్కలకు బదులు ఆమె విద్యార్థులు రాసిన మొదటి చిత్తుప్రతినీ చివరి నివేదికనూ పక్కపక్కన పెట్టి, ఆ రెంటి నడుమ ఏం జరిగిందో చదవాల్సి ఉంటుంది.